పక్కింటి మామిడి కొమ్మ మన డాబా మీదికొస్తే కొట్టించుకోవచ్చా?

ప్రశ్న: మాది విశాఖ అక్కయ్యపాలెంలో డాబా ఇల్లు. ఆరేళ్ల కిందట కొన్నాం. పక్కింటివారి మామిడిచెట్టు కొమ్మలు ప్రహరీ దాటి మా డాబా మీదికి వచ్చేశాయి. ఆకులు రాలి వాననీటి గొట్టం పూడుకుపోతోంది, స్లాబులోకి చెమ్మ దిగుతోంది. ప్రహరీ గోడ కింది నుంచి పగులు తీసింది. స్తంభం నుంచి మా ఇంటికొచ్చే కరెంటు వైరు కొమ్మల్లోంచి పోతోంది. కొట్టించమని అడిగితే, ‘‘మా నాన్నగారు ముప్పై ఏళ్ల కిందట వేసిన చెట్టు. మీరు నిన్నగాక మొన్న వచ్చారు. చెయ్యి వేస్తే పోలీసు కేసు పెడతాం’’ అంటున్నారు. కొమ్మలు మేమే కొట్టించుకోవచ్చా? మా వైపు కాసిన కాయలు ఎవరివి? గోడ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కొట్టించుకోవచ్చమ్మా. మీ హద్దు దాటి వచ్చిన కొమ్మను, మీ స్థలంలోనే నిలబడి, హద్దు గీత వరకు తీసేసుకునే హక్కు మీకుంది. దానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. ఇంగ్లండులో లెమన్ వర్సెస్ వెబ్ కేసులో 1890లలోనే ఈ సూత్రం స్థిరపడింది. మన హైకోర్టులూ అదే బాటలో నడిచాయి. కానీ గీతకు అవతల ఒక్క అంగుళం నరికినా, గోడెక్కి అవతలికి దిగినా తప్పు మీ మీదికి వస్తుంది. ఇలాంటి తగాదాల్లో న్యాయం తమ వైపున్నవాళ్లే తొందరపడి ముద్దాయిలవుతుంటారు. అందుకే కత్తి పట్టే ముందు చేయాల్సిన పనుల గురించే ఎక్కువగా చెబుతాను.

ముందు ఆ ముప్పై ఏళ్ల వాదన సంగతి చూద్దాం. దారి, వెలుతురు, నీటి పారుదల లాంటివి 20 ఏళ్లు అడ్డులేకుండా అనుభవిస్తే ఈజ్‌మెంటు హక్కుగా (పక్కవారి స్థలాన్ని ఫలానా అవసరానికి వాడుకునే హక్కుగా) స్థిరపడొచ్చు. కొమ్మలకు అలా కుదరదు. కొమ్మ ఏటేటా పెరుగుతుంది, నిరుడున్న చోట ఈ ఏడు ఉండదు. నిలకడ లేనిదాన్ని అనుభవంతో సంపాదించుకోవడం సాధ్యం కాదని బాంబే హైకోర్టు 1894లోనే చెప్పింది. మీరు ఆరేళ్ల కిందట కొన్నారా, అరవై ఏళ్లుగా ఉంటున్నారా అన్నది కూడా ఇక్కడ లెక్కలోకి రాదు. స్థలంతోపాటు దాని మీది ఆకాశాన్ని అనుభవించే హక్కూ కొన్నవారికి వస్తుంది.

అయితే ఇది పక్కవారితో మీకున్న సివిల్ హక్కు మాత్రమే. చెట్టు విషయంలో ప్రభుత్వం మాట వేరు. ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం, 2002 (అందరూ వాల్టా అనేది దీన్నే) ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. సొంత స్థలంలో చెట్టయినా సరే. డాబా మీదికి వాలిన చిన్న రెమ్మలు కత్తిరించడం వేరు, తొడంత లావు కొమ్మలు నాలుగైదు తీయించడం వేరు. రెండోదైతే నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఉద్యాన విభాగానికి ఫొటోలతో ముందే ఒక అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. వార్డు సచివాలయంలోనూ, సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వొచ్చు. అటవీ శాఖ అనుమతి కావాలంటే అక్కడే చెబుతారు. ఆ కాగితం చేతిలో ఉంటే రేపు ‘‘పచ్చని చెట్టు నరికేశారు’’ అని ఫిర్యాదు వెళ్లినా మీకు రక్షణ ఉంటుంది.

తర్వాత హద్దు. ప్రహరీ ఉన్నచోటే హద్దు ఉందని అనుకోవద్దు. పాత కాలనీల్లో గోడలు అడుగో, అరడుగో ఇటూ అటూ కట్టేసినవి చాలా ఉంటాయి. మీ దస్తావేజు షెడ్యూల్లోని కొలతలు, లింకు డాక్యుమెంటులోని (మీకు అమ్మినవారి పాత దస్తావేజులోని) కొలతలు తీసుకుని టేపుతో సరిచూడండి. తేడా కనిపిస్తే సర్వేకు అర్జీ పెట్టి, ఆ నివేదిక వచ్చేదాకా ఆగండి. కొలతలు సరిపోతే మేస్త్రీ దగ్గరుండే తూకం గుండును కొమ్మ మీద నుంచి వేలాడదీయండి. దారం హద్దు గీతను తాకినచోట కొమ్మకు రంగుతో గుర్తు పెట్టి ఫొటో తీయండి. మీ కోత అక్కడిదాకానే.

ఫొటోలు, వీడియోలు మీ డాబా మీద నుంచి, మీ పెరట్లోంచి మాత్రమే తీయండి. పక్కింటి కిటికీలు, మనుషులు వాటిలో పడకుండా చూడండి. వాట్సాప్‌లో పంపితే ఫైలులోని తేదీ, ఇతర వివరాలు పోతాయి కాబట్టి అసలు ఫైలు ఫోనులోనే ఉంచండి. కోర్టులో వాటిని దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతపరచాలి.

ఇక నోటీసు. కొమ్మ మీ స్థలంలోకి వచ్చినప్పుడు నోటీసు ఇచ్చి తీరాలని ఆ పాత తీర్పులు చెప్పలేదు. అయినా తప్పకుండా ఇవ్వమంటాను. నోటీసు చేరాక ఆ చెట్టు వల్ల ప్రమాదం ఉందని తమకు తెలియదని పక్కవారు అనలేరు. హుద్‌హుద్ లాంటి తుపానుకు (2014 అక్టోబరు 12) ఆరోగ్యంగా ఉన్న చెట్టు కూలితే అది దైవాధీనం, యజమాని బాధ్యత కాదని వాదించవచ్చు. ఎండిన కొమ్మ ఉందని రాతపూర్వకంగా హెచ్చరించినా పట్టించుకోకపోతే, అది విరిగి పడినప్పుడు నిర్లక్ష్యం కిందికి వస్తుంది, నష్టపరిహారం అడిగే దారి తెరుచుకుంటుంది.

నోటీసు లాయరే పంపాలని లేదు. మొదటిది మీరే, మర్యాదగా, ‘‘గౌరవనీయులైన ఫలానా గారికి’’ అని మొదలుపెట్టి రాయండి. రెండిళ్ల డోరు నంబర్లు, చెట్టు ఏ దిక్కున ఉంది, ఎన్ని కొమ్మలు ఎంత ఎత్తులో హద్దు దాటాయి, దానివల్ల ఏం పాడైంది అన్నవి రాయాలి. ‘‘ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో మీరే మీ మనుషులతో కొట్టించుకోవచ్చు. అందుకు మా డాబా మీదికి రానిస్తాం. లేనిపక్షంలో మా హద్దులోకి వచ్చినంత మేరకు మేమే తీయించి, కలప, కాయలు మీకు అప్పగిస్తాం’’ అన్న వాక్యాలు తప్పనిసరిగా ఉండాలి. తిట్లు, పాత పగలు వద్దు. ఆ ఉత్తరం రేపు జడ్జి ముందు చదవాల్సి వస్తుంది. రిజిస్టర్డ్ పోస్టును 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులో, అందినట్టు సంతకం వచ్చేలా పంపండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు విప్పకుండా దాచండి. సరైన చిరునామాకు పంపినదాన్ని నిరాకరించినా, అందినట్టే కోర్టు భావిస్తుంది. ఇంట్లో అద్దెకున్నవాళ్లుంటే ఉత్తరం ఇంటి యజమాని పేరనే వెళ్లాలి, నకలు అద్దెవారికి.

కోత గురించి ఒక చిక్కు చెప్పాలి. చట్టం మీకు ఇచ్చింది హద్దు గీత వరకే. చెట్టుకు మంచిదేమో కొమ్మ మొదట్లో, కాండానికి ఉబ్బెత్తుగా ఉండే చోటుకు కాస్త ఇవతల కోయడం. గీత దగ్గర కోసి వదిలేస్తే మిగిలిన మొండి ముక్క ఎండి, కుళ్లి, రెండు మూడేళ్లకు చెదలు పట్టి మళ్లీ మీ మీదే పడే ప్రమాదం ఉంటుంది. కాబట్టి మొదటి ప్రయత్నం పక్కవారి రాతపూర్వక సమ్మతి కోసమే ఉండాలి. ‘‘చెట్టు మాకొద్దు’’ అన్నట్టు కాక, ‘‘చెట్టు బాగుండేలా మొదట్లో కోయిద్దాం, ఖర్చు చెరిసగం’’ అని అడిగి చూడండి. తండ్రి నాటిన చెట్టు మీద వారికున్న మమకారం నిజమైనదే, దానికి చోటిస్తే చాలాసార్లు మాట కుదురుతుంది. కాయలు దించేశాక, జూన్ నెలాఖరు నుంచి జూలై వరకు కోతకు మంచి అదను. అక్టోబరు తుపానుల నాటికి చెట్టు తేలికపడుతుంది. లావు కొమ్మను ముందు కింది వైపు కొంత కోసి, తర్వాత పై నుంచి కోయాలి. లేకపోతే బరువుకు విరిగి, బెరడు కాండం దాకా చీలిపోతుంది. అలా చీలితే నష్టం మీ ఖాతాలో పడుతుంది. చెట్టు మొదట్లో ఉప్పు, యాసిడ్ పోయడం లాంటివి కలలో కూడా తలపెట్టవద్దు. అది భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద ఆస్తి నష్టం నేరమవుతుంది.

కాయల విషయంలో చాలామంది పొరపడతారు. మీ డాబా మీద వేలాడుతున్నా కాయ చెట్టు యజమానిదే. కోయనంత వరకు అది చెట్టులో భాగం, కోసిన క్షణాన చరాస్తి అయిపోతుంది. అనుమతి లేకుండా తీసుకుంటే దొంగతనం ఫిర్యాదుకు (అదే న్యాయ సంహిత 303వ సెక్షన్) చోటిచ్చినట్టే. రాలిన కాయలూ, నరికిన కలపా వారివే. గోడ మీద నుంచి విసిరేయకుండా ఒక పక్కన పేర్చి, ఫొటో తీసి, తీసుకెళ్లమని కబురు చేయండి. అలాగే వారు కాయల కోసం మీరు వద్దన్నా మీ డాబా ఎక్కకూడదు.

వైరు ఉన్న వైపు కొమ్మను మాత్రం మీరుగానీ, కూలీలుగానీ ముట్టుకోవద్దు. పచ్చి కొమ్మ కరెంటును మోస్తుంది. విద్యుత్ పంపిణీ సంస్థ (ఈపీడీసీఎల్) నంబరు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. లైన్‌మన్ వచ్చి ఎల్సీ (లైను మీద పని చేసేందుకు ఇచ్చే అనుమతి) తీసుకుని సరఫరా ఆపాకే కోత మొదలవ్వాలి. మెయిన్ ఫ్యూజు తీసినంత మాత్రాన స్తంభం నుంచి వచ్చే వైరులో కరెంటు పోదు.

పోలీసు కేసు బెదిరింపుకు భయపడనక్కర్లేదు. మీ హద్దులో, నోటీసు ఇచ్చి, గీత వరకు కోస్తే అది నేరం కాదు. స్టేషనుకు పిలిస్తే దస్తావేజు నకలు, నోటీసు నకలు, పోస్టల్ రసీదు, గుర్తు పెట్టిన కొమ్మ ఫొటో పట్టుకెళ్లండి. కోత రోజున గొడవ జరగొచ్చని అనుమానముంటే ముందే స్టేషనులో రాతపూర్వకంగా తెలియజేసి, కోత మొత్తం వీడియో తీయించండి.

ఒకవేళ చెట్టే పుచ్చిపోయి, ఒరిగి, పడేలా ఉంటే దారి వేరు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓకు అర్జీ పెట్టుకోవచ్చు. చుట్టుపక్కల ఉండేవారికి, దారిన పోయేవారికి ప్రమాదమని తేలితే, తొలగించమనో, ఊతం పెట్టించమనో ఆయన షరతుతో ఉత్తర్వు ఇస్తారు. అభ్యంతరముంటే అవతలివారు హాజరై చెప్పుకోవాలి. ఆకులు రాలుతున్నాయన్న కారణానికి మాత్రం ఇది పనికిరాదు.

పక్కవారు మిమ్మల్ని కోయనివ్వకపోయినా, నష్టం రాబట్టుకోవాలన్నా, దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఒక దరఖాస్తు ఇవ్వండి. జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, కోర్టు ఫీజు లేదు, వివరాలకు 15100 నంబరు. వారు పక్కవారికి నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డు ఇస్తే అది కోర్టు డిక్రీతో (తుది తీర్పు ఉత్తర్వుతో) సమానం, దానిపై అప్పీలు లేదు. రాజీలో ఏటా ఏ నెలలో కొట్టించాలి, ఎవరు చెల్లించాలి, కొమ్మను మొదట్లో కోయడానికి సమ్మతి, మీ వైపు కాయల్లో వాటా అన్నీ విడివిడిగా రాయించుకోండి. ‘‘ఇరువర్గాలు సామరస్యంగా ఉంటాయి’’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే అమలు చేయడానికి అందులో ఏమీ ఉండదు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఈ సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, కాబట్టి మీ పేరనే దరఖాస్తు చేయడం మేలు.

రాజీ కుదరకపోతే సివిల్ కోర్టులో మాండేటరీ ఇంజంక్షన్ (కొమ్మలు తీయించమని అవతలివారికి ఆదేశం), నష్టపరిహారం కోరుతూ దావా వేయాలి. తాత్కాలిక ఉత్తర్వుతోనే కొమ్మలు కొట్టించేస్తారని ఆశ పెట్టుకోవద్దు, ఆ దశలో అది అరుదు. దావాతోపాటే అడ్వకేట్ కమిషనరును (స్థలం చూసి రమ్మని కోర్టు నియమించే లాయరును) వేయమని పిటిషన్ పెట్టండి. ఆయన వచ్చి కొలిచి, ఫొటోలు తీసి ఇచ్చే నివేదికే కేసుకు వెన్నెముక. ఆకులు, చెత్త అన్నవాటికి డబ్బు రావడం కష్టమని ముందే చెబుతున్నాను. గొట్టం మూతికి జాలీ వేయించుకోవడమే దానికి విరుగుడు. స్లాబు చెమ్మకు కూడా అవతలివారు మీ వాటర్‌ప్రూఫింగు సరిగా లేదంటారు, ఇంజినీరు నివేదిక లేకుండా నెగ్గడం కష్టం.

గోడ ఖర్చు రావాలంటే పగులు ఆ చెట్టు వేరు వల్లే వచ్చిందని రుజువు కావాలి. నల్లరేగడి ఉబ్బినా, పునాది కింద సరిగా దిమ్మిస చేయకపోయినా గోడ పగులుతుంది. మీ వైపు పునాది పక్కన జాగ్రత్తగా తవ్వించి, వేరు గోడను నెడుతున్నది కనిపించేలా టేపు పెట్టి ఫొటోలు తీయండి. పగులుకు అడ్డంగా చిన్న గాజు ముక్కను సిమెంటుతో అతికించి తేదీ రాయండి, గోడ ఇంకా కదులుతుంటే అది విరుగుతుంది. లైసెన్సు ఉన్న సివిల్ ఇంజినీరు నివేదిక, మరమ్మతు అంచనా తీసుకోండి. పరిహారం అడగడానికి మామూలుగా మూడేళ్ల గడువు. వేరు ఇంకా నెడుతూనే ఉంటే అది కొనసాగుతున్న నష్టం కాబట్టి గడువు దాటిందన్న వాదన నిలవదు, అలాగని ఆలస్యం చేయకండి. ఎవరికీ చూపించకుండా, ఫొటోలు లేకుండా గోడ పడగొట్టి కట్టేస్తే రుజువు కూడా దాంతోనే పోతుంది.

మీ స్థలంలోకి వచ్చిన వేరును కోసే హక్కూ ఉంది. కానీ కాండానికి దగ్గరున్న లావు వేరు కోస్తే చెట్టు పట్టు తప్పి కూలొచ్చు, అప్పుడు నిర్లక్ష్యం మీదవుతుంది. కొత్త గోడ కట్టేటప్పుడు ఆ వేరు ఉన్నచోట పునాది తవ్వకుండా, రెండు వైపులా చిన్న స్తంభాలు వేసి, వాటి మీద కాంక్రీటు బీము దాటించమని మేస్త్రీకి చెప్పండి. వేరు లావయ్యేందుకు బీము కింద కొంత ఖాళీ వదలాలి.