‘తదితరులు’

చిరంజీవికి,

వియత్నాం యుద్ధంలో లావోస్ సరిహద్దు దగ్గర అమెరికన్లు నడిపిన లాంగ్ వే శిబిరం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ట్యాంకుల చప్పుడు బాగా పట్టావు. అదలా ఉంచు. మూడో పేజీలో "24 మంది అమెరికన్లు, తదితరులు" అన్నావే, అక్కడ కాగితాలు మంచం మీద పడేసి వాకిట్లోకి లేచిపోయాను.

ఎవరు నాయనా ఆ తదితరులు? 1968 ఫిబ్రవరి 6 అర్ధరాత్రి దాటాక ఉత్తర వియత్నాం పీటీ-76 ట్యాంకులు ముళ్లకంచె తొక్కుకుంటూ వచ్చినప్పుడు ఆ శిబిరంలో దాదాపు 500 మంది బ్రూ కొండజనం, వియత్నామీయులు ఉన్నారు. వాళ్లలో 200 మందికి పైగా పోయారు. నీ ఎనిమిది పేజీల్లో వాళ్ల వాటా ఒక్క మాట!

ఆ మాటంటే నాకు ఒళ్లుమంట. నా తొలి కథ సాగర్ కాలువ తవ్విన పాలమూరు కూలీల మీద. పదకొండు మందినీ పేరుపేరునా రాశాను, ఎవడి తిట్టు వాడికిచ్చి. అచ్చులో "నరసయ్య తదితరులు" అని వచ్చింది. నరసయ్య మేస్త్రీ, ఏనాడూ తట్ట ఎత్తినవాడు కాదు. అడిగితే ఎడిటరు "స్థలం లేదండీ" అన్నాడు. అదే పేజీ అడుగున తలనూనె ప్రకటన అరచెయ్యంత. ఇప్పటివాళ్లకి స్థలం కొదవలేదు, హీరో కావాలిట.

నీ హీరో సార్జెంట్ యూజీన్ ఆష్లే. ఐదుసార్లు ఎదురుదాడికి వెళ్లాడు, ప్రాణమిచ్చాడు, కాదన్ను. ఎవర్ని వెంటేసుకుని వెళ్లాడు? లావోస్‌లో తమ శిబిరం పోయాక పెళ్లాంపిల్లలతో సరిహద్దు దాటొచ్చి పాత లాంగ్ వే శిబిరంలో తలదాచుకున్న లావోస్ సైనికుల్ని. ట్యాంకులు చూశామని ముందే చెప్పినవాళ్లు వాళ్లే. వాళ్ల అధికారి లెఫ్టినెంట్ కర్నల్. శిబిరం నడిపే కెప్టెన్ విలోబీ ఆయనకి సరితూగడని అమెరికన్లూ ఒక లెఫ్టినెంట్ కర్నల్‌ని పంపాల్సి వచ్చింది. ఈ హోదాల పేచీ నీకెలా కనపడలేదయ్యా?

తెల్లారాక అమెరికన్ల కోసం హెలికాప్టర్లు వచ్చాయి. మిగతావాళ్లలో చాలామంది అమెరికన్ మెరైన్ల స్థావరం ఖేసాన్ దాకా నడిచారు. దారిలో మాటు ఉంటుందని రాత్రంతా సాయం పంపని మెరైన్లు, గేటు దగ్గర ఆ నడిచొచ్చినవాళ్ల తుపాకులు తీసేసుకున్నారు. ఇది నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు.

ఇంకోటి. 1967 మే 4న పాత శిబిరం మీద పడ్డవాళ్లకి దారి చూపింది శత్రువు తరఫున లోపల చేరిన రంగరూట్లే. వాళ్లూ నీ లెక్కలో తదితరులే! చచ్చినవాడూ, చంపించినవాడూ ఒకే మాటలో.

పేర్లు దొరక్కపోతే కల్పించకు. ఎవడు ఏ మూల కాపలా కాశాడో, ఏం మోశాడో రాయి.

నవల చెయ్యాలా, ఏ పత్రికకి పంపాలి అని అడిగావు. పత్రికల సంగతి నన్నడక్కు. మూడో పేజీ తిరగరాసి పంపు. కాస్త పెద్దక్షరాల్లో రాయి, కళ్లు మునుపట్లా లేవు.