మామ పొలం అమ్ముతానంటాడు, పిల్లోడు ఇంటికి పోదామంటాడు

ప్రశ్న: మేడం, మాది ఆదోని దగ్గర పల్లె. మా బాబుకి పదకొండేళ్లు. ఎనిమిదేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ అన్నారు. కీమో అయ్యాక కొన్నాళ్లు బాగున్నాడు, తిరగబెట్టింది, మళ్లీ కీమో పెట్టారు, ఇప్పుడు మళ్లీ తిరగబెట్టింది. హైదరాబాద్‌లో ఆసుపత్రి పక్కనే రూము తీసుకుని ఉన్నాం. నయమయ్యే మందు ఇంక లేదు, నొప్పి లేకుండా చూసుకుందాం, ఇంటికి తీసుకుపోయినా పర్లేదు అన్నారు డాక్టర్లు. మా మామ ఒప్పుకోవడం లేదు. ఉన్న మూడెకరాలు అమ్మి బెంగళూరు తీసుకుపోదామంటాడు. మా అత్త 'నువ్వు కన్నతల్లివేనా' అంటుంది. మా ఆయన ఏమీ మాట్లాడడు. అమెరికాలో ఉండే మా ఆడబిడ్డ భర్త ఎవరో లండన్ పిల్లోడి కేసు వీడియో పంపి, డాక్టర్ల మాట వింటే ఇట్లే అవుతుంది అన్నాడు. బాబు రోజూ 'అమ్మా, ఇంటికి ఎప్పుడు పోదాం' అని అడుగుతాడు. వాడికి ఏమీ చెప్పలేదు. ఏడేళ్ల చిన్నపాప మా అమ్మ దగ్గర ఉంది. ఇది ఎవరు నిర్ణయించాలి మేడం? నేను ఆపమంటే నేనే చంపినట్టా?

జవాబు:

మీరు చివర అడిగినదానికి ముందు చెప్తాను. కాదమ్మా, మీరు చంపడం లేదు. కీమో ఇచ్చి, జబ్బు తిరగబెట్టి, మళ్లీ ఇచ్చి, అయినా తిరగబెట్టి, ఇంక నయం చేసే మందు లేదని ఆ జబ్బు చూసే డాక్టర్లే చెప్పాక 'చాలు' అనడం చంపడం ఎట్లవుతుంది? చట్టం కూడా ఆ మాట అనదు. మన దేశంలో ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం నేరం, ఎవరు అడిగినా నేరమే. కానీ ఫలితం లేని వైద్యాన్ని ఆపడం వేరే సంగతి అని సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల బెంచ్ 2018 మార్చిలో చెప్పింది, 2023 జనవరిలో దాని పద్ధతిని కొంచెం సులువు కూడా చేసింది. డాక్టర్ల బోర్డు ఒకటి, దాన్ని మళ్లీ చూసే బోర్డు ఇంకొకటి అని మీరు ఎక్కడైనా విని ఉంటే, అది వెంటిలేటర్ లాంటివి పెట్టాలా, తీయాలా అన్నప్పటి ముచ్చట. కీమో చాలించుకుని ఇంటికి పోవడానికి ఏ బోర్డూ అక్కర్లేదు.

ఇక ఎవరు నిర్ణయించాలంటే, మీరూ మీ ఆయనా, ఇద్దరే. అదీ పిల్లోడి మాట విన్న తర్వాత. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల వైద్యానికి ఒప్పుకోవాల్సింది తల్లిదండ్రులే. 1956 నాటి హిందూ మైనర్ల సంరక్షణ చట్టంలో ముందు తండ్రి, తర్వాత తల్లి అని ఉంటుంది, దాన్ని పట్టుకుని 'నీదేముంది ఇందులో' అనేవాళ్లు మీ ఇంట్లోనూ తేలొచ్చు, అందుకే చెప్తున్నా, తండ్రి బతికి ఉన్నంతకాలం తల్లికి ఏ హక్కూ లేదన్నట్టు దాన్ని చదవకూడదని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. మీ ఇద్దరూ ఉండగా తాతకు ఆ అధికారం లేదు. పొలం ఆయన పేరు మీదున్నా లేదు.

చట్టం సంగతి అట్లుంచండి, నేను తల్లీతండ్రీ అని చెప్పేదానికి వేరే కారణం ఉంది. వెన్నులో సూది వేసేటప్పుడు వాడిని వంచి పట్టుకుంది మీరు. అర్ధరాత్రి వాంతి గిన్నె పట్టుకుంది మీరు. 'ఇంకోసారి చూద్దాం' అనే మాటకు వాడి ఒంటి మీద ఏం జరుగుతుందో మీకు తెలిసినట్టు ఊళ్లో ఉన్నవాళ్లకు తెలియదు. వాళ్లకు తెలిసింది మధ్యమధ్యలో ఊరికొచ్చి టోపీ పెట్టుకుని అరుగు మీద కూర్చున్న మనవడు మాత్రమే. వాళ్ల ప్రేమ తక్కువని నేను అనడం లేదు. చూడని కష్టం గురించి ధైర్యంగా మాట్లాడటం ఎవరికైనా సులువే.

డాక్టర్లు కూడా 'మీ ఇష్టం' అని చేతులు దులుపుకుంటే ఒప్పుకోకండి. మందు పని చేస్తుందా లేదా అన్నది మీరు తేల్చే విషయం కాదు, ఆ మాట వాళ్లే తెలుగులో స్పష్టంగా చెప్పాలి. మీరూ మీ ఆయనా కలిసి కూర్చుని అడగండి. బెంగళూరులో గానీ ఇంకెక్కడ గానీ ఇచ్చే మందు జబ్బును పోగొడుతుందా, లేక కొన్ని వారాలు ఆపుతుందా? ఆ వారాలు వాడు ఎక్కడ గడపాలి, మంచం మీదా, ఐసీయూలోనా? మీ సొంత పిల్లోడైతే ఏం చేస్తారు సార్ అని కూడా అడగండి. కొందరు డాక్టర్లు ఇబ్బంది పడతారు, చాలామంది మాత్రం అక్కడే మొదటిసారి మనసు విప్పి మాట్లాడతారు.

ఇప్పుడు మీ ఆయన గురించి. ఉత్తరంలో ఆయనకు మీరు ఒక్క వాక్యమే ఇచ్చారు గానీ నాకు అక్కడే కష్టమంతా కనిపిస్తోంది. మన సీమలో ఎంత వయసొచ్చినా నాయన ముందు నోరు తెరవని మగవాళ్లు ఎంతమందో, కర్నూల్లో నా దగ్గరికొచ్చి కుర్చీలో తల వంచుకుని కూర్చునే తండ్రుల్లో సగం మంది వాళ్లే. ఆయన మౌనాన్ని మీ అత్తామామలు తమ వైపు లెక్కేసుకుంటున్నారు, మీరు వాళ్ల వైపు లెక్కేస్తున్నారు, ఆయన మాత్రం ఎటూ కాకుండా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ ఉండొచ్చు. ఫోన్లో కాదు, అత్తామామల ఎదురుగా కాదు, ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడండి. 'ఏం చేద్దాం' అని అడిగితే 'నాయన చెప్పినట్టు చేద్దాం' అనే జవాబే వస్తుంది. అట్ల కాకుండా, వాడికి ఏం జరుగుతుందని ఆయనకు ఎక్కువ భయమో అడిగి, జవాబు వచ్చేదాకా మీరు మాట్లాడకుండా ఉండండి. ఎక్కువమంది తండ్రులు చెప్పే భయం నొప్పి గురించి, లేదా రేపు నలుగురూ 'డబ్బుకు చూసుకుని వదిలేశాడు' అంటారని. రెండోది బయటపడితే సగం పని అయినట్టే.

మీ మామగారిని శత్రువుగా చూడొద్దు. మెట్ట సేద్యం చేసుకునే మనిషి ఉన్న పొలమంతా అమ్ముతా అంటున్నాడంటే, మనవడి కోసం చేయడానికి ఆయన దగ్గర ఇంకేమీ మిగల్లేదని అర్థం. పొలం అమ్మొద్దు అని వాదిస్తే ఆయన ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. నా సలహా ఏంటంటే, రెండో అభిప్రాయం అడిగి చూడండి, కానీ పిల్లోడిని కదిలించకుండా. రిపోర్టులు, ఎముక మజ్జ పరీక్ష కాగితాలు, ఇప్పటిదాకా ఇచ్చిన మందుల వివరాలు అన్నీ ఫైల్లో పెట్టుకుని మీ ఆయనా మీ మామగారూ కలిసి బెంగళూరు పోనివ్వండి. ముఖ్యంగా మీ మామగారు పోవాలి. ఆ డాక్టర్ నోటి నుంచి ఆయనే వినాలి, మీరు వచ్చి చెప్తే నమ్మరు. పోయేముందే ఇంట్లో ఒక మాట అనుకోండి, అక్కడా ఇదే చెప్తే ఇంక ఊళ్లు తిరిగేది లేదని. ఆ తర్వాత కూడా ఆయనకు ఒక పని ఉండాలి. మంత్రాలయమో, ఉరుకుంద ఈరన్న స్వామో, మొక్కు ఉంటే ఆ బాధ్యత ఆయనకే ఇవ్వండి. ఓపిక ఉంటే వాడు జీపులో కూర్చుని పోయొస్తాడు, లేకుంటే ప్రసాదం ఇంటికే వస్తుంది.

మీ అత్తగారి మాటకు నాకు కోపం వచ్చింది, దాచుకోను. ఆ మాటకు జవాబు చెప్పాల్సింది మీరు కాదు, మీ ఆయన. 'ఇది మా ఇద్దరి నిర్ణయం' అని ఆయన నోటి నుంచి ఒక్కసారి వస్తే చాలు.

లండన్ వీడియో బహుశా చార్లీ గార్డ్ అనే పసివాడి గురించి అయి ఉంటుంది. అక్కడ జరిగింది వేరు. ఆ బిడ్డ వెంటిలేటర్ మీద ఉన్నాడు, తల్లిదండ్రులు ప్రయోగ దశలో ఉన్న చికిత్స కోసం అమెరికా తీసుకుపోతామన్నారు, ఆసుపత్రి అది వాడికి మేలు చేయదంది, కోర్టులు ఆసుపత్రి మాటే నిలబెట్టాయి, 2017 జులైలో, ఏడాది కూడా నిండకుండానే వాడు పోయాడు. అక్కడ తల్లిదండ్రులకూ డాక్టర్లకూ పడకపోతే, బిడ్డకు ఏది మేలో కోర్టు తేలుస్తుంది. అది న్యాయమా కాదా అని ప్రపంచమంతా కొట్టుకుంది, నాకూ అందులో ఇప్పటికీ కొన్ని అనుమానాలున్నాయి. కానీ మీ విషయంలో డాక్టర్లకూ మీకూ తగువే లేదు, తగువంతా ఇంట్లో ఉంది. మన దగ్గర ఇట్లాంటివి కోర్టు దాకా పోయేది అరుదు, ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట నడుస్తుంది, నాకు భయం ఉన్నది దానికే. బెల్జియంలో 2014 నుంచి కొన్ని షరతులతో పిల్లలకు కూడా డాక్టర్లే మరణం కలిగించే చట్టం ఉంది, రేపు దాని వీడియో కూడా ఎవరో పంపుతారు. మీరు అడుగుతున్నది అది కాదని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పక్కన పెట్టేయండి.

బాబు దగ్గరికొద్దాం. వాడికి ఏమీ చెప్పలేదన్నారు. పదకొండేళ్ల పిల్లోడు, మూడేళ్లుగా ఆ వార్డుల్లో తిరిగినవాడు, పక్క మంచం పిల్లలు ఇంటికి పోవడం, కొందరు పోకపోవడం రెండూ చూసినవాడు, వాడికి తెలియదని మీరు అనుకుంటున్నారా? మీరు ఏడుస్తారని వాడు అడగడం లేదు, వాడు ఏడుస్తాడని మీరు చెప్పడం లేదు. స్వీడన్‌లో క్యాన్సర్‌తో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులను అడిగిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. పిల్లలతో చావు గురించి మాట్లాడినవాళ్లు 147 మంది, మాట్లాడి తప్పు చేశాం అన్నవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. మాట్లాడనివాళ్లు 258 మంది, వాళ్లలో 69 మంది మాట్లాడి ఉండాల్సింది అని బాధపడ్డారు.

అట్లని కూర్చోబెట్టి అంతా ఒకేసారి చెప్పమని కాదు. 'ఈ మందులు జబ్బును పోగొట్టలేకపోతున్నాయి నాన్నా, ఇప్పటినుంచి నీకు నొప్పి లేకుండా ఉండటానికి మందులిస్తారు' అని చెప్పి ఆగండి. వాడు చచ్చిపోతానా అని అడగొచ్చు. అడిగితే లేదు అని మాత్రం అబద్ధం చెప్పకండి. 'ఎందుకట్ల అనిపిస్తోంది' అని వాడినే మాట్లాడనివ్వండి, 'అట్ల జరిగితే నేనూ నాయనా నీ దగ్గరే ఉంటాం' అనండి. ఒక జాగ్రత్త, కీమో కావాలా వద్దా నువ్వే చెప్పు అని బరువంతా వాడి మీద పెట్టొద్దు. తాత ముఖం చూసి సరే అనేస్తారు పిల్లలు. వాడు చెప్పగలిగినవి వేరే ఉన్నాయి, ఎక్కడ ఉండాలనుంది, ఇంక సూదులు వద్దా, ఎవరిని చూడాలనుంది. నిజానికి మొదటిదానికి వాడు రోజూ జవాబు చెప్తూనే ఉన్నాడు.

ఇంటికి పోయేముందు ఏర్పాట్లు మాత్రం గట్టిగా చేసుకోవాలి, లేకుంటే మొదటి నొప్పి రాత్రికే అందరూ భయపడి ఏదో ఒక ఐసీయూకి పరుగెత్తుతారు. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లలకు పాలియేటివ్ కేర్, అంటే జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం, చూస్తారు, మీరున్నది హైదరాబాదే కాబట్టి మీ డాక్టర్‌తో అక్కడికి చీటీ రాయించుకోండి. గట్టి నొప్పికి ఇచ్చే మందు మార్ఫిన్, అది అన్ని మందుల షాపుల్లో దొరకదు. 2014లో చట్టం మార్చి కొంత సులువు చేశారు గానీ, ఇప్పటికీ గుర్తింపు ఉన్న ఆసుపత్రుల నుంచే తెచ్చుకోవాలి, అందుకని ఆదోనికి దగ్గర్లో, కర్నూలు పెద్దాసుపత్రిలోనా ఇంకెక్కడైనానా, ఎక్కడ ఇస్తారో బయల్దేరక ముందే కనుక్కోండి. మార్ఫిన్ అంటే మత్తుమందు, అలవాటైపోతుంది, తొందరగా తీసుకుపోతుంది అని చుట్టాలు అంటారు. డాక్టర్ చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే అట్ల జరగదు. మలబద్ధకం మాత్రం తప్పకుండా వస్తుంది, దానికి మందు మొదటిరోజు నుంచే అడగండి.

ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం రావొచ్చు, ఇంట్లో ముదురు రంగు తువ్వాళ్లు పెట్టుకోండి, తెల్లగుడ్డ మీద రక్తం చూస్తే పిల్లోడూ మీరూ ఇద్దరూ బెదిరిపోతారు. రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించడం మొత్తం మానాలని లేదు, వాడికి ఓపిక వస్తుందంటే చేయించొచ్చు. జ్వరం వస్తే ఆసుపత్రికా, ఇంట్లోనే మందా? ఊపిరి ఆడకపోతే వెంటిలేటర్ వద్దా? గుండె ఆగితే ఛాతీ నొక్కొద్దా? ఇవి ఇప్పుడే మీరిద్దరూ డాక్టర్‌తో మాట్లాడి డిశ్చార్జ్ కాగితంలో రాయించుకోండి. ఆ కాగితం, రాత్రిపూట ఫోన్ చేయడానికి ఒక నంబరు, రెండూ లేకుండా రూము ఖాళీ చేయకండి. తెల్లకణాలు తక్కువని బయటి తిండి మాన్పించి ఉంటారు కదా, ఇప్పుడు ఎంతవరకు సడలించొచ్చో అడగండి. నోట్లో పుండ్లు లేకపోతే ఉగ్గాని, బజ్జీ తిననివ్వండి పాపం.

చిన్నపాపను ఎవరూ పట్టించుకోవడం లేదనిపిస్తోంది. మీరు ఇంటికి చేరే రోజుకే ఆ పిల్ల కూడా ఇంట్లో ఉండాలి. ఆ వయసు పిల్లలు తాము గిల్లినందుకో తిట్టినందుకో అన్నకు జబ్బు వచ్చిందనుకుంటారు, తమకూ అంటుకుంటుందని భయపడతారు, ఈ రెండూ నిజం కావని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. అన్న దగ్గర పడుకుంటానంటే పడుకోనివ్వండి. బడికి నాగా అవుతుందని ఆలోచించకండి, టీచర్‌కు ఫోన్ చేసి విషయం చెప్తే వాళ్లే సర్దుకుంటారు.