బీబీఏలో చేరిన అమ్మలుకి

అమ్మలూ,

బీబీఏలో చేరావని నాన్న చెప్పాడు. ఈ మూడేళ్లూ ఏం నేర్చుకోవాలో పెదనాన్ననే అడుగుతానన్నావట. నేను ఆటోనగర్‌లో స్పేర్ పార్టులు అమ్ముకునే మనిషిని, పుస్తకాల సంగతి మీ లెక్చరర్లు చూసుకుంటారు. లాభం వేరు, చేతిలో డబ్బు వేరు. ఇది ఒంటబట్టేదాకా చదువు.

లక్ష పెట్టి కొన్న సరుకు లక్షా 15 వేలకి అమ్మాననుకో. లెక్కల్లో ఆ రోజే 15 వేలు లాభం. గ్యారేజీవాడు డబ్బిచ్చేది మాత్రం మూడు నెలలకి. సరుకిచ్చిన కంపెనీకి నేను నెలలోపు కట్టాలి. జీఎస్‌టీ అయితే వాడిచ్చినా ఇవ్వకపోయినా మరుసటి నెల 20కల్లా కట్టాల్సిందే. ఆ మధ్యకాలమంతా బ్యాంకు ఓడీ (ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకోనిచ్చే అప్పు) మీద బండి నడుస్తుంది, దాని వడ్డీ లాభంలోంచే పోతుంది. అమ్మకాలు పెరిగేకొద్దీ అరువూ పెరుగుతుంది. గిరాకీ బాగున్న కొట్లు కూడా మూతపడేది ఇందుకే. ఇలా రోజువారీ వ్యాపారానికి తిప్పుకునే డబ్బునే మీ సిలబస్‌లో వర్కింగ్ క్యాపిటల్ అంటారు, పిల్లలు చాయిస్‌లో వదిలేస్తారు. నువ్వు వదలకు.

పెద్ద కంపెనీలూ ఇందుకు అతీతం కాదు. 2009 జనవరిలో సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా ఒప్పుకున్న లెక్క చూడు: పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు, అందులో అసలు లేనివి 5,040 కోట్లు. లేని లాభం చూపించాక, ఆ డబ్బేదీ అంటే నిల్వలు కూడా కల్పించాల్సి వచ్చింది. అందుకే క్యాష్ ఫ్లో (డబ్బు రాకపోకల పట్టిక) చదవడంతో ఆగకు, ఆ నిల్వ ఉందని బ్యాంకు నేరుగా చెప్పిందా అని కూడా అడగాలి.

పీపీటీలు అందరూ చేస్తారు, వాటికి పెద్దగా టెన్షన్ పడకు. ఎక్సెల్ మాత్రం బాగా రావాలి.

ఇక బాకీ అడిగే నేర్పు ఏ పేపర్లోనూ ఉండదు. గట్టిగా అడిగితే గిరాకీ పోతుంది, అడక్కపోతే డబ్బు పోతుంది. మన గుమాస్తాగారు ముందు కొత్త సరుకు కబుర్లు చెబుతారు. తర్వాత పాత బిల్లొకటి నంబరు, తేదీతో సహా చెప్పి ఊరుకుంటారు. మొత్తం బాకీ ఎత్తరు, ఆ ఒక్క బిల్లే. చాలాసార్లు సాయంత్రానికి ఫోన్‌పే వచ్చేస్తుంది!

దసరా సెలవులకి వచ్చి ఆయన పక్కన కూర్చో. మన బాకీల జాబితాని 30, 60, 90 రోజుల వారీగా ఎక్సెల్‌లో విడగొట్టి పెట్టు. ఎవరు చేసిపెడతారా అని నేనూ చూస్తున్నాను.

పెదనాన్న