గేమ్ ముచ్చట్లు: స్ట్రీట్ ఫైటర్ 6 డెమో ఆడొచ్చాక మీరడిగినవి

పోయిన నెల కాలమ్‌లో లాస్ వేగాస్ వెళ్తున్నా, ఈవోలో స్ట్రీట్ ఫైటర్ 6 డెమో ఉంటుంది, ఆడొచ్చి చెప్తా అన్నాను కదా, దాని మీద వచ్చిన మెయిల్స్‌లో కొన్ని ఇవి. తెలియనివాళ్లకి ఒక ముక్క. స్ట్రీట్ ఫైటర్ అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే వీడియో గేమ్. ఈవో అంటే ఫైటింగ్ గేమ్స్‌కి ఏటా జరిగే పెద్ద టోర్నమెంట్. కరోనా వల్ల 2019 తర్వాత జనం ఒకే హాల్లో కూర్చుని ఆడిన లాస్ వేగాస్ ఈవో మళ్లీ ఇదే, 2022 ఆగస్టు 5 నుంచి 7 దాకా మాండలే బే హోటల్లో. ఇది రాసేనాటికి గేమ్ ఇంకా రిలీజ్ కాలేదు, దాన్ని తయారుచేసే క్యాప్‌కామ్ కంపెనీ వాళ్లు 2023 అన్నారు అంతే.

అన్నా, సూటిగా చెప్పు, బావుందా లేదా? ట్రైలర్‌లో ఆ రంగులు చల్లుకోవడం చూస్తే నాకెందుకో డౌటే.
– ఒక పాఠకుడు, కాకినాడ

బావుంది. రంగుల గురించి నాకూ అదే డౌట్ ఉండేది, కానీ చేతిలో ప్యాడ్ పట్టుకున్నాక తెలిసింది ఏంటంటే అవి షోకి పెట్టినవి కావు, అవతలివాడు ఇప్పుడు ఏం చేశాడో కంటికి అందడానికి పెట్టినవి. డ్రైవ్ ఇంపాక్ట్ అని ఒక పెద్ద దెబ్బ ఉంది, అది మొదలవగానే స్క్రీన్ మీద పెయింట్ చిమ్ముతుంది, అది చూసి నువ్వు రియాక్ట్ అవ్వాలి, అవ్వకపోతే నీ పని అయిపోయినట్టే.

అసలు కథంతా డ్రైవ్ గేజ్‌లో ఉంది. హెల్త్ బార్ కింద ఆరు గడులు ఉంటాయి. ఇదివరకటి గేముల్లో మీటర్ అంటే సున్నాతో మొదలై కొట్టీ తినీ సంపాదించుకునేది, సూపర్ అనే అన్నిటికంటే పెద్ద దెబ్బ కోసం దాచుకునేది. ఇక్కడ రౌండ్ మొదలవడమే ఆరు గడులూ నిండి ఉంటాయి, ఒకటో తారీఖున జీతం పడ్డట్టు, ఇక దాన్ని నెలాఖరు దాకా లాక్కురావడం నీ తెలివి. డ్రైవ్ ఇంపాక్ట్‌కి ఒక గడి, స్పెషల్ మూవ్‌ని ఇంకాస్త బలంగా కొట్టే ఓవర్‌డ్రైవ్‌కి రెండు, నార్మల్ దెబ్బ మధ్యలోంచి ముందుకి దూసుకెళ్లే డ్రైవ్ రష్‌కి మూడు, ఊరికే బ్లాక్ చేస్తూ నిలబడినా అదీ కొంచెం కొంచెం అరుగుతుంది. ఖర్చు పెట్టకపోతే తిరిగి నిండుతుంది. మొత్తం ఊడ్చేశావా, బర్నౌట్, క్యారెక్టర్ బూడిద రంగులోకి పోతుంది, ఈ సౌకర్యాలేవీ ఉండవు, స్పెషల్స్ బ్లాక్ చేసినా ప్రాణం తగ్గుతుంది, ఆ టైమ్‌లో గోడ దగ్గర ఇరుక్కుని డ్రైవ్ ఇంపాక్ట్ బ్లాక్ చేస్తే ఏకంగా తల తిరిగి నిలబడిపోతావు, ఇక అవతలివాడి ఇష్టం.

హాల్లో మొదటి రోజు అందరూ ఈ డ్రైవ్ ఇంపాక్ట్ పిచ్చిలోనే ఉన్నారు, నేను కూడా. దానికి రెండు దెబ్బలు తట్టుకునే ఆర్మర్ ఉంది కాబట్టి కొత్తవాళ్లు అదొక్కటే నొక్కుతూ గెలిచేస్తారు. కానీ దాన్ని చూసి నువ్వు కూడా డ్రైవ్ ఇంపాక్ట్ వేస్తే ఆలస్యంగా వేసినవాడిదే గెలుపు, లేదంటే దగ్గరికి రాగానే పట్టుకుని విసిరెయ్యొచ్చు. ఆదివారానికి లైన్లో నా ముందు ఆడినవాళ్లు కాచుకుని తిప్పికొట్టడం చూశాను, అంటే రెండు రోజుల్లోనే జనం నేర్చేసుకున్నారు. నాకు ఈ గేమ్ మీద నమ్మకం కుదిరింది అక్కడే, చెత్త ట్రిక్ లాగా కనిపించినదానికి గేమ్ లోపలే జవాబు ఉంది, కంపెనీ వాళ్లు తర్వాత ప్యాచ్ వేసి సరిచెయ్యాల్సిన పని లేకుండా.

అన్నా, గీ మోడ్రన్ కంట్రోల్స్ అంటే ఏంది? ఒక్క బటన్ నొక్కితే షోర్యుకెన్, గదే పైకెగిరి కొట్టే గుద్దు, వస్తదంట గదా. మేం ఏండ్లకేండ్లు వేళ్లు అరగదీసుకుని నేర్చుకున్నదంతా ఏమైతది? గిది చీటింగ్ గాదా?
– ఒక పాఠకుడు, వరంగల్

నీ కోపం అర్థమైంది తమ్ముడూ, ఇదే మాట మీద లైన్లో ఇద్దరు ముప్పావుగంట కొట్టుకున్నారు, నోటితోనే లే.

విషయం ఇది. క్లాసిక్ అని పాత పద్ధతి ఆరు బటన్లతో అలాగే ఉంది, కింద, ఏటవాలు, ముందు అని మోషన్ తిప్పి పంచ్ నొక్కితే హడోకెన్, అదే చేతుల్లోంచి విసిరే శక్తి గోళం, దాన్ని ఎవడూ ముట్టుకోలేదు. మోడ్రన్‌లో దెబ్బలకి మూడే బటన్లు, చిన్నది, మధ్యది, పెద్దది, ఇంకా స్పెషల్‌కి వేరే ఒకటి, దాన్ని ఊరికే నొక్కితే హడోకెన్, ముందుకి తోసి నొక్కితే షోర్యుకెన్. అసిస్ట్ బటన్ పట్టుకుని దెబ్బ బటన్ టకటకా నొక్కితే ముందే పేర్చి పెట్టిన వరస దెబ్బల కాంబో వస్తుంది. బదులుగా ఏం పోతుందంటే, ఇలా సులువుగా కొట్టిన స్పెషల్‌కి డ్యామేజ్ తక్కువ, కొన్ని నార్మల్ దెబ్బలు అసలు ఉండవు.

రెండూ ఆడాను. క్లాసిక్‌లోనే నాకు హాయిగా ఉంది, అలవాటు కాబట్టి. కానీ మోడ్రన్ ఆడేవాడి మీదకి ఎగిరి చూడు, నువ్వు గాల్లో ఉండగానే షోర్యుకెన్ తగులుతుంది, ఎందుకంటే వాడికి మోషన్ తిప్పే టైమ్ అక్కర్లేదు. అది నిజంగానే చికాకు, దాన్ని దాచను. అయినా చీటింగ్ అనను. మోషన్ ఎగిరిపోయింది, ఎప్పుడు కొట్టాలి, ఎంత దూరంలో నిలబడాలి, గేజ్ ఎప్పుడు ఖర్చుపెట్టాలి అనేది ఎవడూ ఎత్తుకుపోలేదు. నా పక్కన మోడ్రన్‌లో ఆడిన ఒకతను స్పెషల్స్ అన్నీ టైమ్‌కే వేశాడు, కానీ రెండు రౌండ్లలోనూ సగంలోనే బర్నౌట్‌లో పడి ఓడిపోయాడు. నువ్వు ఏండ్లు పెట్టి నేర్చుకున్నదాంట్లో వేళ్ల పని సగమే, మిగతా సగం నీ దగ్గరే ఉంది.

మాది దిల్‌సుఖ్‌నగర్. పార్లర్‌లో రూపాయి కాయిన్లు వేసి పెరిగిన బ్యాచ్. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 అయితే కళ్లు మూసుకుని ఆడేవాణ్ణి. ఇప్పుడు నలభై దాటాయి, పట్టుకోగలనా? ఎవరితో మొదలుపెట్టాలి? మన దల్సిమ్ ఉన్నాడా?
– ఒక పాత పార్లర్ పాఠకుడు, హైదరాబాద్

మీరు కింగ్ ఆఫ్ ఫైటర్స్ బ్యాచ్ అయితే స్ట్రీట్ ఫైటర్ మొదట్లో కాస్త నెమ్మదిగా అనిపిస్తుంది అన్నా, పరిగెత్తడం, చిన్న జంప్‌లు ఉండవు. కానీ డ్రైవ్ రష్ వల్ల ఇది స్ట్రీట్ ఫైటర్ 5 కంటే చురుగ్గా ఉంది. ఇంకో సంగతి, పార్లర్‌లో మనమందరం ముస్తఫా గేమ్ అని ఆడిన కెడిలాక్స్ అండ్ డైనోసార్స్ ఉంది చూడండి, 1993ది, అదీ ఈ క్యాప్‌కామ్ వాళ్లదే.

డెమోలో నలుగురితో ఆడించారు, ర్యూ, చున్-లీ, ల్యూక్, జేమీ. దల్సిమ్ అందులో లేడు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 నుంచి నోట్లోంచి మంట ఊదే యోగి మన దేశం పేరు మీద తిరుగుతున్నాడు, మెడలో పుర్రెల దండ ఏంట్రా బాబూ అని నేను ఎప్పుడూ అనుకుంటా, అయినా వాడు స్క్రీన్ మీద కనిపిస్తే మనవాడే అనిపిస్తుంది, ఏం చేస్తాం.

మీరు ర్యూతో మొదలుపెట్టండి. గడ్డం పెంచాడు, చేతులు బరువుగా తగులుతాయి, మీకు తెలిసిన మూడు మోషన్లూ పనిచేస్తాయి. ల్యూక్ అయితే ఇంకా సులువు, ముందుకొచ్చి కొట్టే రకం, డెమోలో ఎక్కువమంది గెలిచింది వాడితోనే అని నాకనిపించింది, లెక్కపెట్టలేదనుకోండి. చున్-లీతో ఒక జాగ్రత్త, కిక్ బటన్ దడదడా బాదితే కాళ్లు ఆడించడం ఇందులో లేదు, మోషన్ తిప్పాలి, పార్లర్ అలవాటుతో బటన్ విరగ్గొట్టకండి.

జేమీ మాత్రం కొత్తవాడు, నాకు బాగా నచ్చింది వాడే. తాగుతూ కొట్లాడే రకం. నడుముకి కట్టుకున్న సొరకాయ బుర్రలోంచి ఒక గుక్క తాగినప్పుడల్లా కొత్త మూవ్ ఒకటి తెరుచుకుంటుంది, నాలుగు గుక్కల దాకా. తాగడానికి టైమ్ పడుతుంది, అవతలివాణ్ణి కింద పడేసి తాగాలి, ఎదురుగా నిలబెట్టుకుని తాగితే మొహం పగులుతుంది. పైగా రౌండ్ అవ్వగానే దిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి. అంటే కింద పడేశాక వెంటనే మీద పడి కొట్టాలా, లేక ఒక గుక్క వేసుకోవాలా అని ప్రతిసారీ మనసు పీకుతుంటుంది. పది నిమిషాల డెమోలో ఇలాంటి ఆలోచన పుట్టించిన క్యారెక్టర్ నేను ఈ మధ్య చూడలేదు.

ప్రీ-ఆర్డర్ ఓపెన్ అవ్వగానే కొట్టేద్దామా? 5 కొన్నప్పుడు చేతులు కాలాయి, అందుకే అడుగుతున్నా.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

ఆగండి. 5 వచ్చింది 2016 ఫిబ్రవరిలో, అప్పుడు అందులో ఆర్కేడ్ మోడ్ కూడా లేదు, ఒక్కరే కూర్చుని ఆడుకునేవాళ్లకి దాదాపు ఏమీ లేదు, ఆర్కేడ్ మోడ్ వచ్చేసరికి 2018 జనవరి అయింది. కానీ చూడండి, 5 డెమో ఆడినవాళ్లకి కూడా కొట్లాట బాగానే ఉందనిపించింది. డెమోలో చెయ్యికి తెలిసేది కొట్లాట ఒక్కటే. ఈసారి వరల్డ్ టూర్ అని మన సొంత క్యారెక్టర్‌తో మెట్రో సిటీలో తిరిగే మోడ్ ఉంటుందంటున్నారు, బ్యాటిల్ హబ్ అని ఆన్‌లైన్‌లో అందరూ కలిసే చోటు ఉంటుందంటున్నారు, నాకు ఆడనిచ్చింది మాత్రం ఇద్దరు కూర్చుని కొట్టుకునేది. మ్యాచ్‌కి కామెంటరీ చెప్పే వాయిస్‌లు కూడా గేమ్‌లోనే పెడుతున్నారు, ఆ హాల్ గోలలో ఒక్క ముక్క వినపడలేదు.

ఇంకా పెద్ద విషయం ఆన్‌లైన్. ఈవెంట్‌లో ఇద్దరూ ఒకే మెషీన్ మీద ఆడతారు, ఆలస్యం అనే మాటే ఉండదు, అక్కడ వెన్నలా ఉంది అంటే నెల్లూరులో మీ వైఫైలో అలాగే ఉంటుందని కాదు. రిలీజ్ అయ్యాక మన ఊళ్ల నుంచి ఆడినవాళ్లు ఏమంటారో విని కొనండి. అన్నట్టు మీ దగ్గర ఎక్స్‌బాక్స్ వన్ ఉంటే దానికి రావట్లేదు, ప్లేస్టేషన్ 4, 5, ఎక్స్‌బాక్స్ సిరీస్, పీసీ, 2022 ఆగస్టు నాటికి చెప్పినవి ఇవే.

మా బాబు ఇంటర్ సెకండియర్ అండి. ఎప్పుడూ ఈ కొట్లాట గేములే. ఏషియన్ గేమ్స్‌లో పెట్టారు, నేను వెళ్తా అంటున్నాడు. నిజమేనా, లేక నన్ను మభ్యపెడుతున్నాడా?
– ఒక తల్లి, గుంటూరు

నిజమేనండి, అబద్ధం చెప్పలేదు. చైనాలోని హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఈ-స్పోర్ట్స్‌కి, అంటే వీడియో గేమ్ పోటీలకి మెడల్స్ ఇస్తున్నారు, అందులో స్ట్రీట్ ఫైటర్ 5 ఉంది. 2022 సెప్టెంబర్‌లో జరగాల్సింది కరోనా వల్ల 2023 సెప్టెంబర్ 23కి జరిపారు. లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ యాష్ 2019లో టెక్కెన్ 7 అనే ఇంకో కొట్లాట గేమ్‌లో ఈవో జపాన్, లాస్ వేగాస్ ఈవో రెండూ గెలిచాడు, అప్పటిదాకా ప్రపంచానికి పాకిస్తాన్‌లో అంత బాగా ఆడేవాళ్లున్నారనే తెలియదు. అది కూడా నిజమే.

కానీ అమ్మా, ఈ ఆటతో సంసారం నడుపుకునేవాళ్లు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్దిమంది. ఇంటర్ పూర్తి చెయ్యమనండి, ఆట మానమనకండి. కొట్లాటలు నేర్చుకుంటాడేమో అనే భయం మీకుంటే, నేను ఆ హాల్లో చూసింది చెప్తా, ఓడినవాడు గెలిచినవాడి పిడికిలికి పిడికిలి తాకించి లేచి లైన్ చివరికి వెళ్లి నిలబడతాడు, మూడు రోజుల్లో నాకు కనిపించినంతలో ఎవరూ గొంతు కూడా పెంచలేదు, పైన చెప్పిన ఆ ఇద్దరు తప్ప.

మేం ఫ్రిస్కోలో ఉంటాం. నేనూ మా బావమరిదీ వచ్చే ఏడాది ఈవోకి వెళ్దామనుకుంటున్నాం. ఇలాంటి డెమోకి ముందే ఏమైనా తెలుసుకోవాలా?
– ఒక పాఠకుడు, టెక్సస్

కాళ్లు గట్టిగా ఉండాలి, అంతే. నీళ్ల బాటిల్, స్వెటర్, బయట వేగాస్ ఎండ మాడిస్తుంటే లోపల ఏసీ గడ్డకట్టిస్తుంది. రెండు మూడు మ్యాచ్‌లకే ఛాన్స్ అయిపోతుంది, మళ్లీ ఆడాలంటే మళ్లీ లైనే, అందుకని కూర్చున్నాక బటన్ సెట్టింగ్స్‌లో టైమ్ తగలెయ్యకండి. లైన్లో ఉన్నప్పుడే ముందువాళ్ల స్క్రీన్ చూస్తూ ఎవరిని తీసుకోవాలో అనుకుని వెళ్లండి. మీరిద్దరూ ఒకరితో ఒకరు ఆడకండి, అది ఫ్రిస్కోలో సోఫా మీద ఆడుకోవచ్చు, పక్కన ఎవడు దొరికితే వాడితో ఆడండి, మీకు తెలియని పద్ధతి ఒకటి చూస్తారు.

లాస్ట్ క్వశ్చన్ అన్నా. నేను కుడి పక్క కూర్చుంటే షోర్యుకెన్ రాదు. ఇందులో కూడా అంతేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

అంతే. కుడి పక్క మొదలుపెడితే నీ క్యారెక్టర్ ఎడమకి చూస్తుంటాడు కాబట్టి మోషన్ తిరగబడుతుంది, నీ బొటనవేలికి అలవాటు ఒక పక్కే ఉంది. నాకూ కుడి వైపు షోర్యుకెన్ అడిగితే హడోకెన్ వచ్చేది. మోడ్రన్‌లో అయితే ఈ బాధ లేదు, ఎటు కూర్చున్నా ముందుకి తోసి స్పెషల్ నొక్కడమే. క్లాసిక్‌లోనే ఆడతానంటావా, ఇంట్లో ట్రైనింగ్ మోడ్ పెట్టి వారం పాటు కుడి పక్కనే ఉండిపో.