మిర్చి గోడౌన్‌లో పనికి ఏ బూట్లు, మాస్క్, బట్టలు తీసుకోవాలి?

ముందు బూట్ల మీద డబ్బు పెట్టండి. బస్తా జారినా, ట్రాలీ చక్రం ఎక్కినా దెబ్బ తగిలేది కాలి వేళ్లకే. ముందు భాగంలో స్టీల్ టోపీ ఉండి, ఐఎస్ (భారతీయ ప్రమాణం) 15298 ముద్ర ఉన్న సేఫ్టీ షూ చూడండి. సాయంత్రం పూట, పనిలో వేసుకునే సాక్సుతోనే వేసి చూడండి. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. బిగుతుగా ఉన్న జత రెండో రోజే మూలన పడుతుంది.

మిర్చి ఘాటుకు మూతికి కట్టుకునే తువ్వాలు చాలదు, సన్నటి దుమ్ము అందులోంచి దూరిపోతుంది. ఐఎస్ 9473 ప్రకారం చేసిన ఎఫ్‌ఎఫ్‌పీ2 (సన్నటి దుమ్మును ఆపే రకం) మాస్క్ కావాలి. గడ్డం ఉంటే అంచుల్లో సందు మిగిలి, ఎంత మంచి మాస్కైనా వృథా. కళ్లకు మామూలు అద్దాలు కాదు, చుట్టూ మూసుకునే గాగుల్స్.

బట్టలు ఒంటికి సరిపోయే ఫుల్ హ్యాండ్స్ కాటన్‌వి చాలు. కన్వేయర్ (బస్తాలను మోసుకెళ్లే బెల్టు యంత్రం) దగ్గర మాత్రం లుంగీ, మెడలో కండువా, చేతులకు గ్లౌజులు వద్దు, బెల్టు లాగేస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ (బరువులెత్తే బండి) తిరిగే చోట వెలుతురు పడితే మెరిసే జాకెట్, తలకన్నా ఎత్తున బస్తాలు పేర్చిన చోట ఐఎస్ 2925 హెల్మెట్ తప్పనిసరి. ఇవన్నీ యజమానే కొనివ్వాలి, మొహమాటపడకుండా అడగండి.