చేతిలో డబ్బుల్లేనప్పుడు షికార్లేంటి అంటున్నారు

ఎనిమిది నెలల క్రితం మావారి ఉద్యోగం పోయింది. ఇప్పుడు చేస్తున్న పనికి జీతం సగమే. అప్పటి నుంచి ఇంట్లో నవ్వు లేదు. పదకొండేళ్ల పాప, ఏడేళ్ల బాబు సెలవంటే ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు. పెద్దగా ఖర్చు లేని మ్యూజియంకో తోటకో వెళ్దామంటే, 'చేతిలో డబ్బుల్లేనప్పుడు షికార్లేంటి? అయినా అవి చూస్తే మనకేం అర్థమవుతుంది?' అంటారు. ఆయన పొలం పనుల మధ్య పెరిగిన మనిషి. ఒకసారి నేనే పిల్లల్ని మ్యూజియంకి తీసుకెళ్తే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అక్కడా గంటన్నర తిరిగేసరికి పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. నేను తప్పు చేస్తున్నానా? — ఒక సోదరి

మీరు తప్పు చేయలేదమ్మా. ఇంట్లో అందరికీ ఊపిరాడటం లేదని ముందుగా గుర్తించింది మీరు, దారి వెతికిందీ మీరే. అయితే మీవారు అన్న రెండు మాటల్లో మొదటిదానికే మీరు జవాబు చెబుతున్నట్టున్నారు. 'ఖర్చు లేదు కదా' అని మీరెంత నచ్చజెప్పినా ఆయన కదలరు, ఎందుకంటే అసలు బాధ రెండో మాటలో ఉంది. సంపాదన తగ్గిన మనిషికి ఇంట్లో తన మాట విలువ కూడా తగ్గిందనిపిస్తుంది. అలాంటప్పుడు తనకు తెలియని చోటికి వెళ్లి, పిల్లలు 'ఇదేంటి నాన్నా' అని అడిగితే నోరు వెళ్లబెట్టాల్సి వస్తుందేమోనని భయం. మీరు ఆయన లేకుండా వెళ్లొచ్చినప్పుడు, 'నేను లేకపోయినా వీళ్లకు గడుస్తుంది' అని ఆయన మనసు అనుకుని ఉండొచ్చు. మూడు రోజుల మౌనం వెనక కోపం కంటే ఈ దిగులే ఎక్కువని నాకనిపిస్తోంది. మౌనంతో మిమ్మల్ని శిక్షించడం సరైనదని మాత్రం నేను అనను. అది ఆయనకు నెమ్మదిగా, మనసు బాగున్న వేళ చెప్పండి.

అందుకే మ్యూజియంని కొన్నాళ్లు పక్కన పెట్టి తోటతో మొదలుపెట్టండి. మామూలు పార్కు కాకుండా, మీ నగరంలో బొటానికల్ గార్డెన్ ఉంటే అక్కడికే వెళ్లండి. ఇటలీలోని పాదువాలో 1545లో ఇలాంటి తోట పెట్టింది వైద్యం చదివే విద్యార్థులకు మందు మొక్కల్ని గుర్తుపట్టడం నేర్పడానికి. ఇప్పటికీ ఈ తోటల్లో మొక్క పక్కన పలక మీద రెండు మాటల లాటిన్ పేరుంటుంది. ఆ పద్ధతిని స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో స్థిరపరిచాడు. పాప ఆ పేరు కూడబలుక్కుని చదువుతుంది. దాన్ని ఊళ్లో ఏమంటారో, ఆకు నలిపితే ఏ వాసన వస్తుందో, పశువులు తింటాయో లేదో చెప్పగలిగేది మీవారొక్కరే. 'పిల్లలకు ఒక్క చెట్టు పేరూ తెలియడం లేదండీ, మీరొస్తే చెబుతారు' అని అడగండి. ఇది నిజంగా మీకు కావలసిన సాయం, కాబట్టి బతిమాలినట్టు ఉండదు. కొన్ని తోటల్లో ఉదయం నడకకు వచ్చేవాళ్లకు టికెట్ ఉండదు, ఒకసారి కనుక్కోండి.

పచ్చదనం మనసుకు మంచిదనేది ఊరికే అనే మాట కాదు. రోజర్ ఉల్రిక్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు చూసి 1984లో ఒక వ్యాసం రాశారు. కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లకన్నా త్వరగా ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. కెనడాలోని మాంట్రియల్‌లో 2018లో డాక్టర్లు మందుల చీటీలాగే మ్యూజియం చీటీ రాయడం మొదలుపెట్టారు. అది చూపిస్తే అక్కడి లలిత కళల మ్యూజియంలోకి ఉచితంగా రానిచ్చారు. ఇది షికారు కాదని మీవారికి చెప్పాల్సి వస్తే ఇవి చెప్పండి, కానీ వాదనకు వాడకండి.

ఇక మ్యూజియంలో పిల్లలు ఏడ్చారన్నారు. అది వాళ్ల తప్పూ కాదు, మీ తప్పూ కాదు. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ ఈ అలసట మీద 1916లోనే రాశారు. వస్తువులు పెట్టిన తీరు వల్ల వంగి, మెడ చాచి, కుంగి చూసేసరికి ఒళ్లు ఎలా అలసిపోతుందో ఫొటోలు తీసి చూపించారు. పెద్దవాళ్లకే అంత కష్టమైతే ఏడేళ్ల బాబు గంటన్నర ఎలా ఓర్చుకుంటాడు? టికెట్ కొన్నాం కాబట్టి అన్నీ చూసెయ్యాలనే తొందర మనకుంటుంది. తక్కువ ఖర్చుతో వెళ్లడంలో నాకు నచ్చేది ఇదే, ఆ తొందర అక్కర్లేదు. నలభై నిమిషాలు, ఒకే గది, మూడు వస్తువులు చాలు. మిగతావి ఇంకోసారి.

మరి అర్థం కావడం సంగతి. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో గొప్ప చిత్రాల ముందు జనం ఎంతసేపు నిలబడతారో లెక్కగట్టి 2001లో ప్రచురించారు. సగం మంది 17 సెకన్లకు మించి చూడలేదు. అంటే మీవారు మొహమాటపడాల్సినంత పండితులు అక్కడేం లేరు. ఒక్క బొమ్మ ముందు ఐదు నిమిషాలు కూర్చుని, ఎవరు ఎటు చూస్తున్నారు, వెలుగు ఏ వైపు నుంచి పడుతోంది, ఈ పనిముట్టు దేనికి అని పిల్లలతో మాట్లాడుకుంటే చాలు. పాత నాగళ్లు, కుండలు, మగ్గాలు పెట్టిన గదికి ముందు వెళ్తే ఆయనే మొదలుపెడతారు చూడండి.

ఖర్చు విషయానికొస్తే చాలా మ్యూజియంలు వారంలోనో నెలలోనో ఒకరోజు, లేదా సాయంత్రం చివరి గంటల్లో ఉచితంగా రానిస్తాయి. స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం రోజూ చివరి రెండు గంటలు అలాగే తెరిచి ఉంచుతుంది. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినం, ఆ రోజూ చాలాచోట్ల టికెట్ ఉండదు. బొమ్మలు అమ్మే ఆర్ట్ గ్యాలరీల్లో సాధారణంగా ప్రవేశ రుసుమే ఉండదు, కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఆర్ట్ కాలేజీ విద్యార్థుల ప్రదర్శనలు కూడా అంతే, పైగా బొమ్మ గీసిన పిల్లలే పక్కన నిలబడి చెబుతారు. వెళ్లేముందు సెలవు రోజు ఏదో ఫోన్ చేసి అడగండి. మూసిన గేటు దగ్గర నుంచి వెనక్కి రావడం మీవారి ప్రస్తుత మనఃస్థితికి మంచిది కాదు.

మొదటిసారి ఆయన రానంటే ఈసారి మౌనానికి భయపడి ఆగిపోవద్దు. పిల్లల్ని తీసుకుని వెళ్లండి. రాలిన ఆకులు నాలుగు తెచ్చి 'నాన్నా, ఇది ఏ చెట్టు' అని పాపని అడగమనండి. ఒకవేళ ఆయనకు నిద్ర పట్టకపోవడం, తినాలనిపించకపోవడం, దేనిమీదా ఇష్టం లేకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం తోటలు సరిపోవు. మానసిక వైద్యుడి దగ్గరికి మీరే తోడుగా వెళ్లండి.