వైజాగ్ నుంచి గన్నవరం ఫ్లైట్‌లో ఎంత దూరం, ఎంతసేపు?

ఒకచోట 180, ఒకచోట 156, ఇంకోచోట 350 అని ఉంది, ఏది నమ్మాలి అని అడిగారు కదా, మూడూ కరెక్టేనండి. వైజాగ్ ఎయిర్‌పోర్ట్ నుంచి గన్నవరంలో ఉన్న బెజవాడ ఎయిర్‌పోర్ట్‌కి గాల్లో గీత గీస్తే దాదాపు 290 కిలోమీటర్లు. అదే మామూలు మైళ్ళలో 180, విమానాల వాళ్ళు వాడే నాటికల్ మైళ్ళలో 156, ఒక నాటికల్ మైలంటే 1.852 కిలోమీటర్లు. 350 అన్నది వైజాగ్ నుంచి బెజవాడకి రోడ్డు, రైలు లెక్క, దాన్ని వీటితో కలపకండి.

టైము సంగతికొస్తే, మేము ఎక్కింది రెక్కలకి ఫ్యాన్లుండే ఏటీఆర్, అది గంటకి 500 కిలోమీటర్ల దాకా పోతుంది, ఆ లెక్కన 35 నిమిషాల్లో దిగిపోవాలి, కానీ టికెట్ మీద గంటా పది నిమిషాలు ఉంది. ఎందుకంటే అది విమానం కదిలిన దగ్గర్నుంచి అక్కడికెళ్ళి ఆగేదాకా వేసే టైము, రన్‌వే దాకా మెల్లగా పాక్కుంటూ పోవడం, పైకెక్కడం, దిగేముందు లైన్లోకి రావడం అన్నీ అందులోనే. పైగా వైజాగ్‌ది నేవీ వాళ్ళ ఎయిర్‌ఫీల్డ్, వాళ్ళ పనుంటే మనం ఆగాల్సిందే.

పోయినేడాది అమ్మని చెల్లి దగ్గరకి తీసుకెళ్ళాను, చెల్లి వాళ్ళది గన్నవరంలోనే. అమ్మకి అదే మొదటిసారి. కిటికీ సీటు ఇప్పిస్తే సగం దారి దాకా కళ్ళు మూసుకునే కూర్చుంది, రాజమండ్రి మీదకొచ్చాక గోదావరి, పక్కపక్కనే బ్రిడ్జిలు అగ్గిపుల్లల్లా కనిపిస్తుంటే అప్పుడు చూసింది. చూస్తూనే ఒళ్ళో ఉన్న చేగోడీల డబ్బా మూత తీసిందో లేదో బెల్టులు పెట్టుకోమని అనౌన్స్ చేశారు. "ఏటిరా, అప్పుడే దించెత్తన్నారా" అని చాలా బాధపడిపోయింది.

అసలు ప్రయాణం అంతా ఇటు పక్కే ఉందండి. శ్రీకాకుళంలో పొద్దున్న 5:30కి కారెక్కితే హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఎన్ఏడీ జంక్షన్ దాటి వైజాగ్ ఎయిర్‌పోర్ట్‌కి చేరేసరికి 8:15 అయింది. భోగాపురం దాటుతున్నప్పుడు అమ్మ "విమానాలు ఇక్కడికే వచ్చెత్తాయన్నారు కదా, మరి ఇంకా ముందుకెందుకు" అంది, అప్పటికి అక్కడ కొత్త ఎయిర్‌పోర్ట్ పనులే ఇంకా జరుగుతున్నాయి, ఏం చెప్తాం. ఫ్లైట్ 9:40కి, చెల్లి ఇంటి గుమ్మం తొక్కేసరికి 11:40. మొత్తం ఆరు గంటల పైనే, అందులో గాల్లో ఉన్నది ముప్పావుగంట. అదే శ్రీకాకుళం పక్కనున్న ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కితే వైజాగ్‌లో ఇంజిన్ అటు నుంచి ఇటు మార్చుకుని, ఏడెనిమిది గంటల్లో బెజవాడలో దింపుతుంది. అంటే నేను అంత డబ్బు పోసి మిగుల్చుకున్నది గంటన్నర.

మీది విజయనగరమైతే వైజాగ్ 60 కిలోమీటర్లే కాబట్టి కొంచెం నయం, అందులోనూ పని గన్నవరం వైపుంటేనే ఫ్లైట్ చూడండి. బెజవాడ ఊళ్ళోకైతే అక్కడ దిగాక మళ్ళీ 20 కిలోమీటర్లు ఉంది. వైజాగ్ దాకా ఎలాగూ వెళ్ళేపనైతే అక్కడ పొద్దున్నే వందే భారత్ ఎక్కేయండి, నాలుగు గంటల్లో బెజవాడ స్టేషన్. తిరుగు ప్రయాణానికి మేమూ రైలే ఎక్కాం, చేగోడీలు తుని రాకముందే అయిపోయాయి.